కాక భుజం మీద పియానో

ముందే చెబుతున్నాను, నా మాటల్లో సగం తీసేసి వినండి. మా ఆవిడ ముప్పావు తీసేస్తుంది.

ఆ ఉదయం గోదావరిఖని నుంచి మంచిర్యాల వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్నామె క్షణం కుదురుగా లేదు. ముందుసీటు కమ్మీనే పియానో అనుకుని వేళ్లతో వాయిస్తోంది. బస్సు గుంతల్లో పడ్డప్పటికంటే ఆమె వేళ్ల ఊపుకే నేను ఎక్కువ ఎగిరిపడ్డాను.

"పరీక్షకు పోతున్న అన్నా," అంది. "పాసైతేనే బళ్లె పియానో టీచర్ కొలువు. నా ఉంగరం వేలు వంగది. దాని బదులు బొటనవేలు నల్లమెట్ల మీద ఏస్త. మా సారేమో బొటనవేలు తెల్లమెట్లకే అంటడు."

సారు చెప్పినట్టు వాయించబోయి ప్రతిసారీ ఒకేచోట తడబడింది. ఇంతలో బస్సు కుదిపింది. చెయ్యి జారి, ముందుసీట్లో కునుకుతున్న ఓ పెద్దవయసు కాక భుజం మీద పడింది. ఆ ఊపులో చెయ్యి ఆగలేదు. బొటనవేలు తనకు నచ్చిన చోటల్లా వేస్తూ పాట మొత్తం అక్కడే వాయించేసింది.

నైట్ షిఫ్టు దిగి ఇంటికెళ్తున్న ఆ కాక కళ్లు తెరవకుండానే, "ఆపకు బిడ్డా," అన్నాడు. "గా బొటనవేలుతోటి ఒత్తుతుంటే పానం లేసొస్తున్నది."

బస్సంతా నవ్వింది. ఆమె కూడా నవ్వి, "గిట్లనే వాయిస్త అన్నా, ఏమైతే గదైతది," అంటూ మంచిర్యాలలో దిగిపోయింది.

అలాగే వాయించి పాసైంది. పరీక్ష పెట్టినాయన చప్పట్లు కొడుతూ లేస్తే కుర్చీ కూడా ఆయనతోపాటు లేచింది.

కాక, భుజం, బొటనవేలు అన్నీ నిజం. పాసవడం ఒక్కటే నా కల్పన. ఆమె ఏమైందో నాకిప్పటికీ తెలియదు. తెలియకుండా కుదురుగా ఉండలేక, నేనే పాస్ చేసేశాను.