కాలర్‌లో మిగిలిన సూది

ఆ మూడంతస్తుల ఇంట్లో ఎవరి సంచి జిప్పు పాడైనా, చివరికి చేరేది మెట్ల మలుపులో ఉన్న కిటికీ కిందికే. బడి అయ్యాక అక్కడ ఒక పదహారేళ్ల పిల్ల బిస్కెట్ల డబ్బా ముందేసుకుని కూర్చుంటుంది. డబ్బాలో పటకారు, కొవ్వొత్తి ముక్క, దారపు ఉండలు, రకరకాల రన్నర్లు ఉంటాయి. రన్నరంటే జిప్పు మీద అటూ ఇటూ పరిగెత్తే చిన్న ఇనుప ముక్క. అది మొరాయించిందంటే ఎంత ఖరీదైన సంచైనా నోరు తెరుచుకుని కూర్చోవాల్సిందే. అందుకే మెట్లెక్కి దిగేవాళ్లంతా ఆ పిల్లని జిప్పుల డాక్టరంటారు. అసలు డాక్టర్లు కూడా రోగిని అంత శ్రద్ధగా తిప్పి చూస్తే, మనలో సగం మందికి మందులే అక్కర్లేకపోవును.

ఈ డాక్టరీ అంతా ఈత కోసం. వాళ్లమ్మ ఒక హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. ఆమె జీతం అద్దెకీ తిండికీ సరిపోతుంది కానీ ఈతకొలను ఫీజు దాకా రాదు. మామయ్యని అడిగితే ఇస్తాడు. కాకపోతే ఇచ్చేముందు సవాలక్ష ఆరాలు తీస్తాడు, ఇచ్చాక కనబడ్డవాళ్లందరికీ చెప్పుకుంటాడు. ఒక నెల అలా పుచ్చుకున్న డబ్బుతోనే ఈతకి వెళ్లింది. నీళ్లలో మునిగినా తేలినా మామయ్య మొహమే కనబడింది. ఇక చస్తే ఎవరినీ అడగనని ఒట్టు పెట్టుకుని, తన బడి సంచి జిప్పుని తనే ఊడదీసి, పాడుచేసి, మళ్లీ బాగుచేసి పని నేర్చుకుంది. పౌరుషమంటే అలా ఉండాలి.

అమ్మకి మాత్రం ఇది నచ్చలేదు. ఎవరిదో చొక్కా మాడిందని ఒకప్పుడు హోటల్లో అందరి ముందూ మాట పడ్డ మనిషి.

"ఇంకొకళ్ల వస్తువు ముట్టుకోవడమంటే తల తాకట్టు పెట్టడమేనే. ఒక్కరు మన గుమ్మం ముందుకొచ్చి మాట అన్నారా, ఆ డబ్బా అటకెక్కుతుంది. ఈతా లేదు, గీతా లేదు" అని తేల్చి చెప్పేసింది.

అంతటితో సరిపెట్టలేదు. ఆమె చేతిసంచి జిప్పు ఎప్పుడో పోయింది. దాన్ని పిన్నీసుతో మూసుకుని పనికి వెళ్లేది కానీ కూతురి చేతికి ఇచ్చేది కాదు. ఊరంతా నమ్మినా అమ్మ నమ్మలేదని పిల్లకి లోలోపల బాధే.

రన్నర్ మార్చాలంటే జిప్పు చివర కుట్టు విప్పాలి. కొత్త రన్నర్ ఎక్కించాక ఆ చివర మళ్లీ గట్టిగా కుట్టాలి. లేకపోతే సంచి పూర్తిగా తెరిచినప్పుడు రన్నర్ ఊడి చేతిలోకొస్తుంది. అది మర్చిపోకుండా పిల్ల ఒక పద్ధతి పెట్టుకుంది. పని మొదలుపెట్టక ముందే సూదికి దారం ఎక్కించి తన చొక్కా కాలర్‌కి గుచ్చుకుంటుంది. చివరి కుట్టు పడ్డాకే ఆ సూది తిరిగి డబ్బాలోకి పోతుంది.

ఒక ఆదివారం పొద్దున పై అంతస్తు నర్సు ఎర్రటి ప్రయాణం సంచితో ఆదరాబాదరా దిగింది. వేరే ఊళ్లో కొత్త ఉద్యోగం, బస్సుకి వేళవుతోంది. పిల్లకీ తొందరగానే ఉంది. ఇన్నాళ్లూ నడుము లోతులోనే ఈదించిన కోచ్, ఆ రోజు లోతు వైపు దిగనిస్తానన్నాడు. గబగబా రన్నర్ మార్చి, కొవ్వొత్తి రుద్ది, సగం దాకా లాగి చూసింది. సాఫీగా నడిచింది. నర్సు బుగ్గ గిల్లి, చేతిలో డబ్బులు పెట్టి పరిగెత్తింది.

ఈతకొలను దగ్గర బట్టలు మార్చుకునే గదిలో చొక్కా విప్పబోతుంటే మెడ మీద చురుక్కుమంది. తడిమి చూస్తే సూది, దానికి ఎర్ర దారం. చివరి కుట్టు పడనే లేదన్నమాట.

బయట కోచ్ ఈల వేస్తున్నాడు. ఊరుకుంటే ఏమవుతుంది? నర్సు ఊరు దాటిపోతుంది. అంత దూరం నుంచి గుమ్మం ముందుకొచ్చి ఎవరు అరుస్తారు? డబ్బా నిక్షేపంగా ఉంటుంది. ఈ ఆలోచన ఆ పిల్లకి రాలేదంటే అబద్ధమే. వచ్చింది. కానీ అప్పటికే ఆమె చేతులు చొక్కా గుండీలు తిరిగి పెట్టేస్తున్నాయి.

బస్టాండుకి ఒకటే పరుగు. బస్సు అప్పుడే బయల్దేరబోతోంది. నర్సు కిటికీ పక్కన, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"అక్కా, సంచి పూర్తిగా తెరవకండి! చివర కుట్టు వేయడం మర్చిపోయాను" అంది పిల్ల బస్సెక్కి రొప్పుతూ.

"బాగానే ఉందే!"

"తెరిచేదాకా బాగానే ఉంటుందక్కా."

"ఇది బస్సా, దర్జీ కొట్టా?" అని కండక్టర్ విసుక్కున్నాడు. పిల్ల తలెత్తలేదు. కుట్టి, దారం పంటితో కొరికి, జిప్పు ఆ చివర దాకా తెరిచి మూసి చూపించి దిగింది.

తిరిగి వెళ్లేసరికి క్లాసు అయిపోయింది. వచ్చే నెల చూద్దామన్నాడు కోచ్. నేరుగా ఇంటికొచ్చి, జరిగిందంతా అమ్మకి చెప్పేసింది. డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టింది.

"అటకెక్కించెయ్యమ్మా."

అమ్మ డబ్బాని పక్కకి జరిపింది.

"గుమ్మం ముందుకి ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదు."

"మరి మాటెవరన్నారు?"

"ఎవరూ అనలేదు. నేనే చెప్తున్నాను."

"నువ్వే వచ్చి చెప్తే అటకెక్కిస్తానని నేనెప్పుడన్నానే?"

అమ్మ లేచి, కొక్కేనికి వేలాడుతున్న తన చేతిసంచి తీసింది. లోపలివన్నీ మంచం మీద గుమ్మరించి, పిన్నీసు ఊడదీసి, ఖాళీ సంచిని కూతురి ఒళ్లో పెట్టింది.

"రేపు పనికి కావాలి. డబ్బులు ఇప్పుడే ఇచ్చెయ్యనా?"

పిల్లకి కళ్లనిండా నీళ్లొచ్చాయి. సూది బెజ్జం కనబడటానికి కాసేపు పట్టింది. నల్ల దారం ఎక్కించి, సూది కాలర్‌కి గుచ్చుకుంది.

"ఇప్పుడొద్దమ్మా. పూర్తిగా తెరిచి చూసుకున్నాక ఇద్దువుగాని."