నాగులేటి ఒడ్డున చదివించిన అధ్యాయం

“ఆ కార్డు ఇటియ్యి రత్నం. చదివినాక నేనే దారి వదులుతా.”

సారమ్మ ఎడ్ల పగ్గం విడవలేదు. తడిసిన తెల్లచీర కాళ్ళకు చుట్టుకుపోతున్నా బండి ముందు నుంచి కదల్లేదు. ఆమె వెనక నాగులేరు ఎర్రగా, సుడులు తిరుగుతూ పోతోంది. మామూలు రోజుల్లో మోకాలి లోతు దాటని రేవది. ఆ అక్టోబరు వానకు అవతలి గట్టు తుమ్మచెట్లు సగందాకా మునిగాయి.

“పగ్గం వదులత్తా,” అన్నాడు రాజారత్నం పళ్ళు బిగబట్టి. “వాగవతల సువార్తకి రాత్రి నుంచి నొప్పులు. కాన్పు కష్టమయ్యేట్టుందని వాగు పొంగకముందే గొర్రెల కోటేశ్వర్లు చెప్పిపోయిండు. పుట్టింట్లో పడుండనీయమంటావా? బండిలో ఏసుకొని ఆసుపత్రికి పోవాలా వద్దా?”

“పోవాల. ఈ దారిన కాదు.”

అతను జేబులోంచి కార్డు తీసి ఆమె ముఖం ముందు ఆడించాడు. కొత్త సంవత్సరపు ఆరాధనలో కళ్ళు మూసుకొని పళ్ళెంలోంచి తీసుకునే వాగ్దానపు కార్డు అది. నీళ్ళలో పోయేటప్పుడు తోడుంటాను, నదులు నిన్ను ముంచవు అని దాని మీద ఉంది. ఆ పల్లెలో ప్రతి ఇంటి గోడకూ అలాంటిది ఒకటి ఏడాది పొడుగునా గుచ్చి ఉంటుంది. మంచి జరిగినా చెడు జరిగినా దానితో సరిచూసుకుంటారు. జనవరిలో తనకొచ్చిన మాట ఇవాళ్టి కోసమేనని రాజారత్నానికి పొద్దున్నే రూఢి అయిపోయింది.

గట్టు మీద నాపరాళ్ళ లారీ ఆపుకొని హబీబ్ చూస్తున్నాడు. కారంపూడి వంతెన మీదుగా తీసుకుపోతానని అతను ఇందాకటి నుంచి మొత్తుకుంటున్నాడు. చుట్టు తిరిగేసరికి పొద్దుగూకుతుందని రాజారత్నం వినలేదు.

రాజారత్నం వరసకు అత్తా అని పిలిచే సారమ్మ ఆ పల్లెకు బైబిలు చెప్పే మనిషి. నాపరాళ్ళ గనిలో మట్టి తట్టలు మోస్తూ పెద్ద వయసులో అక్షరాలు నేర్చింది. ఒక్క వచనం చెప్పమంటే చెప్పదు. ఆ మాట ఎవరన్నారు, ఎవరితో అన్నారు, అప్పుడు వాళ్ళ గతేమిటి, అవన్నీ తేలేదాకా వదలదు. సారమ్మను వచనం అడిగితే పొయ్యి మీద కూడు మాడిపోద్దని ఆడవాళ్ళు నవ్వుకుంటారు. రాజారత్నమూ ఎన్నోసార్లు నవ్వాడు.

“ఇది రాసింది నేనే,” అంది కార్డు అందుకొని. “అట్టముక్కలో పట్టినంత రాశా. మిగతాది పుస్తకంలో ఉంది.”

“ఇప్పుడు చదువులేందత్తా! పేతురు నీళ్ళ మీద నడవలా?”

“నడిచిండు. ప్రభువు రమ్మన్నడు. నిన్నెవరు రమ్మన్నరు?”

“నా పెళ్ళాం.”

సారమ్మ తల తిప్పి అవతలి గట్టు వైపు చూసింది. అదే అదనుగా అతను ఎడ్లను అదిలించాడు. ఆమె కాలు జారి నీటి అంచున మోకాళ్ళ మీద పడింది. పగ్గం మాత్రం చేతిలోనే ఉంది. అంతలో వేళ్ళతో సహా పెకలించుకొచ్చిన తుమ్మచెట్టొకటి ఎడ్ల ముందు నుంచే కొట్టుకుపోయింది. ఎడ్లు బెదిరి వెనక్కి తన్నుకున్నాయి. రాజారత్నం కిందికి దూకి ఆమెను లేపాడు.

“ప్రభువుని గుడి శిఖరం మీది నుంచి దూకమన్నప్పుడు సైతాను కూడా వచనమే చదివిండురా. అదీ దేవుడి మాటే. ప్రభువేమన్నడు? దేవుణ్ణి శోధించొద్దని, పరీక్ష పెట్టొద్దని కూడా రాసుందన్నడు. ఒక మాట పక్కన ఇంకో మాట పెట్టి చూసుకోవాల.”

“నేను సైతాన్నా?”

“కాదు. భయపడ్డ మొగుడివి. చదువు.”

మైనపు గుడ్డలో చుట్టిన బైబిలును సారమ్మ లారీ పరదా కింద విప్పింది. యెషయా గ్రంథం, నలభై మూడు. రాజారత్నం అధ్యాయం మొదటి నుంచి వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివాడు. పరాయి దేశాల పాలైన ఒక జనాన్ని దేవుడు పేరు పెట్టి పిలుస్తున్నాడు. తూర్పు నుంచి, పడమటి నుంచి వాళ్ళను మళ్ళీ పోగుచేస్తానంటున్నాడు. నీళ్ళ మాట ఉన్నచోట రెండుసార్లు చదివాడు. దిగమని ఎక్కడా లేదు.

“ఇది మనది కాదా మరి? పళ్ళెంలో పెట్టి ఎందుకిస్తరు?”

“మనదే. ముందు వాళ్ళది. వాళ్ళని ఇడిసిపెట్టలేదు గనక మనల్నీ ఇడిసిపెట్టడని నమ్ముతం. నీళ్ళు మీదికొస్తే తోడుంటానన్నడు గానీ, నువ్వే పోయి నీళ్ళ మీద పడమన్లేదు. వంతెన మీద పోతే తోడు రానన్నడా?”

“పెద్దమ్మా, మీ చదువు అయ్యేలోపు పుట్టే బిడ్డకి పళ్ళు కూడా వస్తయ్!” అని అరిచాడు హబీబ్. “ఎక్కుతాడా లేదా?”

రాజారత్నం అవతలికి చూశాడు. సువార్త ఉన్న పల్లె ఆ గట్టు వెనకే. వాగు శాంతిస్తే కేక వినపడేంత దూరం. నీళ్ళలో దిగడం కంటే దానికి వీపు తిప్పడమే కష్టంగా ఉంది.

“నే చేరేలోపల ఏమన్నా అయితే?”

“నాకు తెలవదు. తెలవని దానికి వచనం చెప్పను.”

చివరికి అతను ఎడ్లను గట్టు మీదికి మళ్ళించి, ఆమెకు అప్పగించి, లారీ ఎక్కాడు. ఇంజను రొదను మించి సారమ్మ కేకేసింది.

“కారంపూడి ఆసుపత్రి కాడ ఆపించు. అబిదా నర్సమ్మని ఎక్కించుకోకుండా కదలొద్దు. ఈ వానలో రానంటదేమో, నీ కాళ్ళు పట్టుకొని అడగమని సారమ్మ చెప్పిందను. పో అయ్యా!”