పాతబడని బట్టలు

నా కాన్పుకి అమ్మ విమానమెక్కి మేముండే హామిల్టన్ వస్తోందని తెలియగానే నేను చేసిన మొదటి పని, ఆమె పెట్టెలోంచి పాత చీరల మూట తీయించడం. ఫోన్ కార్డు గీకి మాట్లాడుకునే రోజులవి. పుట్టబోయే బిడ్డకి పొత్తిగుడ్డలుగా ఉంటాయని నాలుగు నూలు చీరలు ఉతికి మడతపెట్టానంది.

"ఎయిర్‌పోర్టులో పెట్టె తెరిస్తే నవ్వుతారమ్మా. ఇక్కడ బట్టలకేం కొదవ? ఆ చోట్లో కారప్పొడి పెట్టు" అన్నాను.

అమ్మ కారప్పొడి తెచ్చింది.

కొదవ నిజంగానే లేదు. ప్రతి శనివారం కారేసుకుని మాల్‌కి వెళ్లేదాన్ని. అక్కడ కొన్న టీషర్టు మొదటి ఉతుకుకి మెడ దగ్గర సాగేది. రెండో ఉతుకుకి పక్క కుట్టు పొట్టమీదికి వచ్చేది. మూడోసారికి చెత్తసంచిలోకి పోయేది. ఇంకోటి కొనేదాన్ని. అన్నీ చవకవే కాబట్టి నేను పొదుపరినని నమ్మేదాన్ని.

ఇంట్లో నా కంటికి నలుసు ఒక్కటే, మా ఆయన నీలిగళ్ల లుంగీ. కాకినాడలో హాస్టల్లో ఉండగా కొన్నది, తొమ్మిదేళ్లది. దీపానికి అడ్డంపెడితే అవతలి మనిషి కనిపించేవాడు. రెండుసార్లు చెత్తసంచిలో వేశాను. రెండుసార్లూ ఆయన తీసుకుని, ఉతుక్కుని, మళ్లీ కట్టుకున్నాడు.

వచ్చిన రెండోరోజే అమ్మ నన్ను పిలిచింది. "పాత గుడ్డలు తియ్యవే, ఉతికి పెడతాను. నెల తిరక్కుండా కాన్పు. ఈ చలికి ఎప్పటికారతాయో ఏమో."

అల్మరా తెరిచాను. అమ్మ ఒక్కొక్కటే తీసి చెంపకి రాసుకుని పక్కన పెట్టసాగింది. ఒకదాని మీద చెంచాడు నీళ్లు పోసింది. నీళ్లు కాసేపు అక్కడే నిలబడి కార్పెట్ మీదికి జారాయి.

"ఇది పీల్చదు. ఇది గీరుకుంటుంది. ఇదిగో, పట్టుకుంటేనే చిరిగింది."

సాయంత్రానికి మంచమంతా బట్టలే.

"ఇన్ని ఉన్నాయి, ఒక్క పాత గుడ్డ లేదేంటే నీ ఇంట్లో?"

"పాతవి పారేస్తానమ్మా."

"ఇవి పాతబడితే కదా. అంతకుముందే పాడైపోతున్నాయి."

కొత్తవి కొందామన్నాను. పురుడు వెళ్లేదాకా పసిబిడ్డ ఒంటికి కొత్తబట్ట తగలనివ్వకూడదంది. "ఇంత దూరం వచ్చి, పిల్లకి మెత్తటి గుడ్డ చుట్టలేకపోతే నేనెందుకే?" అంది. తప్పు నాదని నాకు తెలుసు. అందుకే ఇంకా కోపం వచ్చింది. "అంత కావాలనుకుంటే ఆ చీరలు తెచ్చుకోవాల్సింది" అన్నాను. అమ్మ బట్టలు మళ్లీ మడతపెట్టడం మొదలుపెట్టింది.

హాల్లో కూర్చున్న మా ఆయన ఇదంతా విన్నాడు. లేచి గరాజ్‌లోకి వెళ్లి, తాడు మీద ఆరిన లుంగీ పట్టుకొచ్చాడు.

"ఉతికిందేనండీ అత్తయ్యగారూ. పనికొస్తుందేమో చూడండి."

అమ్మ చెంపకి రాసుకుంది. రెండో చెంపకి కూడా రాసుకుంది.

"బంగారంలా ఉంది. మరి మీరేం కట్టుకుంటారు బాబూ?"

"నాకు బట్టలకేం కొదవండీ" అన్నాడాయన, మంచం వైపు చూస్తూ.

అమ్మ దాన్ని నాలుగు ముక్కలుగా చింపి, అంచులు కుట్టింది. మా ఆయన అక్కడే కూర్చుని చివరి ముక్కదాకా చూశాడు.

హాస్పిటల్లో కాన్పు చేసిన మిడ్‌వైఫ్ ఆ గుడ్డని వేళ్లతో తడిమి, ఎంత మెత్తగా ఉందో అంది. ఏ షాపులో దొరుకుతుందని అడిగింది. దొరకదని చెప్పాను. నేను రెండుసార్లు పారేసిన ఆ గుడ్డలోనే చుట్టి అమ్మ పిల్లని నా చేతుల్లో పెట్టింది. పక్కన మా ఆయన, నేను సేల్‌లో కొన్న ట్రాక్ పాంటుకి ఎలాస్టిక్ పోతే, దాన్ని ఒక చేత్తో పట్టుకుని నిలబడి నవ్వుతున్నాడు.

సిగ్గుతో ఏడుపొచ్చింది. పిల్ల పుట్టిన సంతోషమనుకుని మిడ్‌వైఫ్ టిష్యూ అందించింది.