రోమన్ సైన్యానికి వండిన అన్నం

హాలిఫాక్స్‌లో మేమున్న ఇంట్లో అందరూ కంప్యూటర్లు చదవడానికి వచ్చినవాళ్లే, ఒక్కడు తప్ప. వాడు రోమన్ సైన్యాన్ని చదవడానికి వచ్చాడు. నేను తొమ్మిదో తరగతిలోనే బడికి నమస్కారం పెట్టి, గరిటె పట్టుకుని కెనడా చేరినవాణ్ని. నాకు అందరి చదువులూ ఒకటే. అయినా వాణ్ని మాత్రం వదిలేవాణ్ని కాదు.

"ఏరా సేనాధిపతీ, ఇవాళ ఎంతమంది తేలారు?"

"తేలలేదన్నా. ఒకాయన చెప్పినదానికంటే ఇంకొకాయన లక్షలు ఎక్కువ చెప్తున్నడు."

"ఇద్దరూ పోయినవాళ్లే కదా, సర్దుకోమను."

నవ్వేవాడు కానీ, వాడికది నవ్వులాట కాదు. రోమన్ సామ్రాజ్యం చివరి శతాబ్దాల్లో సైనికులు ఎందరుండేవారో పాత రాతల నుంచి లెక్కగట్టి, వేసవిలోగా ప్రొఫెసర్‌గారికి ఇవ్వాలి. నచ్చితే ఫండింగ్‌తో పీహెచ్‌డీ సీటు. లేకపోతే చదువు అక్కడితో సరి.

అప్పట్లో రాసినవాళ్లు అంకెల్లో గొప్పలు పోయారని వాడు తిండి లెక్కల దారి పట్టాడు. రోమన్ల ఏలుబడిలో ఉన్న ఈజిప్టు ఎడారిలో దొరికిన చీటీల్లో ఏ దండుకు ఎంత గోధుమ ఇచ్చారో ఉంటుందట. మనిషికి ఇంత అని భాగిస్తే తలలు తేలతాయి. ప్రొఫెసర్‌గారికి ముచ్చటేసింది. వాడి మొహానికి కళ వచ్చింది.

ఆ ఏడు విమానం విమానానికీ మన పిల్లలు దిగుతున్నారు. గది దొరకనివాళ్లు ఎవరో ఇచ్చిన నంబరు పట్టుకుని, పెట్టెలతో మా గుమ్మంలో నిలబడేవాళ్లు. అందుకే మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. బియ్యం కడిగేటప్పుడు ఉన్నవాళ్లకి పోశాక, రాబోయేవాళ్లకని ఇంకో రెండు గ్లాసులు పోయాలి. ఎవరూ రాకపోతే పొద్దున్నే నిమ్మకాయ పులిహోర.

ఒక ఆదివారం వాడు ఉల్లిపాయలు తరుగుతూ నా చేతిలో గ్లాసు చూశాడు.

"ఇయ్యాల ఎవరన్నా వస్తున్నరా అన్నా?"

"ఎవరికి తెలుసురా. వస్తే ఉంటుంది."

కత్తి ఆగింది. "మన బియ్యం చూసి ఎవడన్నా లెక్కగడితే, ఇంట్ల ఎంతమంది ఉన్నరనుకుంటడు?"

"పెళ్లివారి విడిది అనుకుంటాడు."

వాడు నవ్వలేదు. "నేను చేసింది గదే అన్నా."

ఆ సైన్యంలో పెద్ద హోదా ఉన్నవాడు రెండు మూడు వంతులు తీసుకుంటాడట. చచ్చిపోయినవాడి వంతు ఇంకెవడో తింటాడట. ఇవన్నీ చదివినవే, కానీ లెక్కలో ప్రతి వంతునీ ఒక మనిషిని చేసేశాడు.

ఆ లెక్క అలాగే ఇచ్చేయమన్నారు ఇంట్లో అందరూ. నేనూ అన్నాను. "రోమన్లు లేచొచ్చి అటెండెన్స్ పలుకుతారా?"

"పలకలేరనే గదన్నా, జాగ్రత్తగ లెక్కపెట్టాలె."

మొత్తం తిరగరాశాడు. తక్కువలో తక్కువ ఇంత, ఎక్కువలో ఎక్కువ ఇంత, మధ్యలో ఎక్కడో చెప్పలేను అని రాసిచ్చాడు. ప్రొఫెసర్‌గారు నిజాయితీని మెచ్చుకున్నారు. సీటు మాత్రం తేల్చి చెప్పిన ఇంకొకరికి వెళ్లింది.

వాడు ఎక్కడో దూరాన స్కార్‌బరో అనే ఊళ్లో గోడౌన్ పని చూసుకున్నాడు. వెళ్లేరోజు హార్బర్ మీద మంచు కమ్మి, ఫెర్రీ కూత తప్ప ఏమీ తెలియలేదు. చేతికి పులిహోర డబ్బా ఇచ్చాను. ఏదైనా హాస్యమాడదామనుకుని, డబ్బా మూత ఇంకోసారి నొక్కాను.

"సైన్యం జాగ్రత్త అన్నా," అన్నాడు వాడే.

ఆ సాయంత్రం బియ్యం కొలిచాను. ఉన్నవాళ్లకి పోశాను, రాబోయేవాళ్లకి పోశాను. ఆ తర్వాత ఇంకో గ్లాసు. మేం ఆ ఇల్లు ఖాళీ చేసేదాకా అలాగే పోశాను. మా బియ్యం చూసి ఎవరైనా లెక్కగట్టి ఉంటే, వాడింకా ఆ ఇంట్లోనే ఉన్నట్టు తేలేది.