నాయనమ్మ చెప్పిన దళం ముచ్చట

పోయిన ఎండాకాలం కారేపల్లిలో మా అక్క బిడ్డ పెండ్లయింది. తెల్లారి చుట్టాలు కొందరు వెళ్లిపోయాక, మిగిలినవాళ్లం పందిరి కింద చాయ్ తాగుతూ కూర్చున్నం. తొంభై దాటిన మా నాయనమ్మ మంచం మీద ఉంది. కొత్త పెండ్లికూతురు పక్కన చేరి, తను ఎన్నడూ చూడని మా తాత ఎట్లాంటి మనిషని అడిగింది. మంచోడే అని తేల్చేస్తుందనుకున్న. కానీ నాయనమ్మ మా ఇంట్లో ఎవరికీ తెలియని ముచ్చట మొదలుపెట్టింది.

అవి నిజాం పాలన ఆఖరి రోజులు. ఆమె అడవి అంచు పల్లెకు అప్పుడే కాపురానికి వచ్చింది. దొర మనుషులు తుపాకులతో వచ్చి ధాన్యం ఎత్తుకుపోతుంటే, వాళ్లను ఆపాలని ఊరి రైతులూ కూలోళ్లూ రహస్యంగా దళం కట్టిండ్రు. చేరినట్టు ఇంట్లో కూడా చెప్పొద్దని ఒట్టు. పక్కింటావిడ పిలిస్తే నాయనమ్మ చేరింది. ఇప్పపూలు ఏరుకొస్తనని గంప పట్టుకొని పోయేది. గంపలో బట్ట కింద జొన్నరొట్టెలుండేవి. వాగు ఒడ్డున పొద చాటున పెట్టి వచ్చేది. ఎవరు తింటరో తెలియదు, అడగొద్దు.

ఆ రోజుల్లోనే తాత, బర్రె తప్పిపోయిందంటూ మాటిమాటికీ ఇంట్లోంచి పోయేవాడు. బర్రె మాత్రం పొద్దుగూకేసరికి తనంతట తనే వచ్చి కొట్టంలో నిలబడేది. ఈయనకు ఇంకెవరో ఉన్నరని నాయనమ్మ లోపల కుమిలిపోయింది.

ఒకనాడు రొట్టెలు తీసుకుపోయే మనిషికి జ్వరమొచ్చిందని, వాగు దాటి లోపలికే తెమ్మని కబురు వచ్చింది. పోయి చూస్తే, చెట్ల నడుమ కొందరు వడిసెలలో రాయి పెట్టి, తల మీదుగా గిరగిరా తిప్పి విసరడం నేర్చుకుంటున్నరు. అందరికంటే ముందు తాత. ఆమెను చూడంగనే వడిసెల చేతిలోంచి జారింది. రాయి పోయి దళంవాళ్ల నీళ్లకుండ పగలగొట్టింది.

నాయనమ్మ గంప దించి, "బర్రె దొరికిందా?" అన్నది.

తాత వడిసెల ఏరుకుంట, "దొరకలే. నీకు ఇప్పపూలు దొరికినయా?" అన్నడు.

దళమంతా పొట్ట పట్టుకొని నవ్విండ్రు. అన్నాళ్లూ తాత తిన్నది పెండ్లాం చేతి రొట్టెలే. ఇంటి రొట్టెలకంటే ఇవే బాగున్నయని రోజూ మెచ్చుకున్నది కూడా ఆయనేనట.

వానలు పడకముందే దొర మనుషులు మళ్లీ వచ్చి, ధాన్యం బండ్లకెత్తుకొని వాగు దారిన బయల్దేరిండ్రు. మగవాళ్లు వాగు గట్టు మీది నుంచి రాళ్లు విసిరిండ్రు, ఆడవాళ్లు కొంగుల్లో రాళ్లు మోసి అందించిండ్రు. వచ్చినవాళ్లు బండ్లు విడిచి పారిపోయిండ్రు. బండ్ల మీది ధాన్యం ఇంటింటికీ చేరింది. ఆ సాయంత్రం తాతా నాయనమ్మా మొదటిసారి ఊరందరి ముందు పక్కపక్కన నడుచుకుంటూ ఇంటికి వచ్చిండ్రు.

"ఆయనకు భయం లేదనుకునేదాన్ని బిడ్డా. నా లెక్కనే భయపడుకుంట పోయేటోడినని ఆ దారిలనే చెప్పిండు. అది తెలిసినంక ఆయనంటే ఇంకింత పాణమాయె," అన్నది నాయనమ్మ.

పెండ్లికొడుకును కూడా దగ్గరికి పిలిచి మంచం మీద కూర్చోబెట్టుకుంది. చాయ్ మళ్లీ పెట్టించినం. భోజనాల వేళ దాకా మాలో ఒక్కరూ లేవలేదు.