గాలి తిరిగినప్పుడు

వేసవి వస్తే చాలు, కేజీఎఫ్ బంగారు గని కార్మికుల లైన్ ఇళ్ల మధ్య మెడలో ఐడీ కార్డులు వేలాడేసుకున్న కాలేజీ పిల్లలు తిరుగుతుంటారు. నయన వాళ్లలో ఒకతె. స్టైపెండ్ ఇచ్చి సమాజసేవ నేర్పే ఇంటర్న్‌షిప్‌కి ఏ ఊరైనా సరేననుకుంది, ఈ ఊరు తప్ప. ఆమెను వేసింది మాత్రం ఇక్కడికే. తాను ఈ లైన్లలోనే పుట్టిందని బెంగళూరులో ఎవరికీ చెప్పలేదు. ఇక్కడా ఎవరూ గుర్తుపట్టకూడదని నల్ల కళ్లద్దాలు తీయదు, తెలుగు రానట్టు కన్నడంలోనే మాట్లాడుతుంది.

ఆ రోజు టీమ్ లీడర్ వసంత్‌తో కలిసి ఓబుళమ్మ అనే ముసలమ్మ ఇంట్లో కూర్చుని ఆమె దగ్గు గురించి అడుగుతోంది. బయట గాలి తిరిగింది. బంగారం తీసేశాక గని పారబోసిన సైనైడ్ మట్టి దిబ్బ మీద తెల్లదుమ్ము ఇంకా లేవనేలేదు. నయన ప్రశ్న మధ్యలోనే లేచి నీళ్ల బిందె మీద పళ్లెం బోర్లించి, కిటికీ సందులో తడిగుడ్డ కుక్కేసింది. తానేం చేసిందో ఆ తర్వాతే తనకు తెలిసింది.

"ఏ లైనమ్మా నీది?" అంది ఓబుళమ్మ.

"అయిదో లైను, అవ్వా." నోట తెలుగే వచ్చింది.

వసంత్ ముఖం వెలిగిపోయింది. "ముందే చెప్పొద్దా! చదువు అయిపోగానే నీకు ఇక్కడే ఉద్యోగం. నీలాంటి మనిషి మాకు ఇంకెక్కడ దొరుకుతుంది?"

ఓబుళమ్మ నవ్వలేదు. నయన చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది.

"నువ్వూ తప్పించుకోలేకపోతివా, బిడ్డా?"