బీరువా దిగే దారి చూశాకే ఇల్లెక్కిన సుగుణక్క

పంజగుట్టలో మా పై అంతస్తులో ఉండే సుగుణక్క ఈ మధ్యనే ఒక గురువారం నిద్రలో కన్నుమూశారు. ఇటువంటి వ్యాసాల్లో, వార్త వినగానే పిడుగు పడ్డట్టయిందని రాయడం ఆనవాయితీ. నా మీద పిడుగేమీ పడలేదు. నాకు కోపం వచ్చింది. ముందురోజు సాయంత్రం మేమిద్దరం ఒక గడప గురించి వాదించుకుని, రేపు తేల్చుకుందామని లేచాం. వాదన మధ్యలో వదిలేసి వెళ్లడం ఆవిడ స్వభావం కాదు. పొద్దున్నే వాళ్లబ్బాయి మల్లేశ్ కిందికొచ్చి "ఆంటీ, అమ్మ లేస్తలేదు" అంటే, చేతిలో కాఫీ గ్లాసు అలాగే పట్టుకుని, "లేవకపోతే ఎలా, నాకు జవాబు చెప్పాలిగా" అంటూ మెట్లెక్కాను. జవాబు రాలేదు.

సుగుణక్క ఒక ప్రభుత్వ కార్యాలయంలో టైపిస్టుగా చేరి సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేశారు. అంత్యక్రియలకు వచ్చిన పాత సహోద్యోగులు ఆవిడ కార్యదక్షతను, సమయపాలనను, సౌమ్య స్వభావాన్ని వేనోళ్ల కొనియాడారు. మొదటి రెండూ ఒప్పుకుంటాను. మూడోది మాత్రం వేరే ఎవరి గురించో అనుకుంటున్నాను. నాకు తెలిసిన సుగుణక్క ఆజన్మ ప్రవాసి. బల్కంపేట, ఎస్సార్ నగర్, ఎర్రగడ్డ, ఆ తర్వాత అమీర్‌పేట. పెళ్లయింది మొదలు అద్దె ఇళ్లే. కొడుకు ఈ ఫ్లాటు కొన్నాక దేహానికి స్థిరనివాసం దొరికింది కానీ మనసుకు దొరకలేదు. ఆ చాంచల్యమంతా కంప్యూటర్లోకి దిగింది. ఉత్తరాల సర్వీసు, ఫొటోలు దాచే క్లౌడు, లెక్కలు వేసే సాఫ్ట్‌వేరు, ఏది నచ్చకపోయినా ఆవిడ వాదించరు, ఖాళీ చేసేస్తారు. వాదనలన్నీ నా కోసం అట్టిపెట్టుకున్నారు.

మాకు పరిచయమైందే అలా. ఒక ఉదయం తలుపు తీస్తే ట్రేలో చాయ్ గ్లాసులతో నిలబడి ఉన్నారు.

"తీస్కో చెల్లె. కొత్త ఇంట్ల దిగిన, పాలు పొంగిచ్చిన."

"ఏ ఇంట్లో దిగారండీ? పైనే కదా ఉంటున్నారు?"

"నేను కాదు, ఫొటోలు దిగినయ్. పాతోడు దినాం జాగ నిండింది, జాగ నిండింది అని మొత్తుకుంటుండు. వాని లొల్లి నాకెందుకు?"

అదీ ఆవిడ పద్ధతి. ఏ కొత్త సర్వీసుకు మారినా అందులోకి మొట్టమొదట పంపేది ఒకే ఒక ఫొటో, ఎస్సార్ నగర్ ఇంట్లో ఇత్తడి గిన్నె నిండి పొయ్యి మీదికి పొంగుతున్న పాలు. దాని వెనకే మిగతా సామాను. అదే సమయంలో ఇక్కడ స్టవ్ మీద నిజంగానే పాలు పొంగించి, ఆ పాలతో చాయ్ కాచి, అంతస్తులన్నిటికీ పంచేవారు. నేను బీఎస్సీ చదివినదాన్ని. ఇది శుద్ధ మూఢనమ్మకమని మొహం మీదే చెప్పాను, చాయ్ తాగుతూనే.

"మూఢనమ్మకం ఎట్లయితది? ఒక్క ఫొటో పంపి, మల్ల తెరిచి చూస్త. మంచిగ కనవడితె మిగిలినయ్ పంపుత. పాలు పొంగితె పొయ్యి మండుతున్నదని తెలుస్తది కద, గట్లనె."

నేను ట్రేలోంచి రెండో గ్లాసు అందుకున్నాను. ఆ రోజు నుంచీ ఆవిడంటే నాకు పడదు, ఆవిడ లేకపోతే తోచదు.

నా సంగతి చెప్పాలి. నావన్నీ ఒకే కంపెనీ దగ్గర ఉంటాయి. ఉత్తరాలు, ఫొటోలు, కరెంటు బిల్లుల కాపీలు, అన్నీ. మార్చడమంటే నాకు ఒళ్లు మంట. "అన్నీ ఒకచోట ఉంటే సుఖం కదక్కా, ఓనర్ మంచివాడైతే ఇల్లెందుకు మారాలి?" అన్నాను.

"ఓనర్ మంచోడే చెల్లె. రేపు ఓనర్ కొడుకొస్తడు."

"రాకపోతే?"

"రాకపోతె మంచిదే. నువ్వయితె మెట్లు చూస్కో."

ఆ మెట్ల సిద్ధాంతం మా వీధిలో ప్రసిద్ధం. "ఇల్లు చూడబోతె అందరు వంటిల్లు చూస్తరు. నేను మెట్లు చూస్త. బీరువాను ఎట్లనన్న తిప్పలవడి ఎక్కిస్తరు. మల్ల దిగుతదా లేదా, గది ముందుగాల చూడాలె" అనేవారు. ఏ సర్వీసులోనైనా ఒక్క కాగితం పెట్టే ముందు, అందులోంచి అన్నీ ఒకేసారి బయటికి తెచ్చుకునే దారి ఉందా, తెచ్చుకుంటే అవి వేరేచోట తెరుచుకుంటాయా అని చూసేవారు. దారి లేకపోతే, అది ఎంత అందంగా ఉన్నా, ఎంత చవకైనా గడప తొక్కేవారు కాదు. మారాక కూడా పాతదాన్ని వెంటనే మూసేవారు కాదు. కొన్నాళ్లు రెండూ నడిపేవారు. "కొత్తింట్ల నల్లా వస్తదో రాదో చూడకుండ పాతింటి తాళం ఇస్తరా?"

ఈ వివేకం ఊరికే రాలేదు. సుగుణక్క ముగ్గులు వేయడంలో అసాధారణ ప్రజ్ఞావంతురాలు. ఉద్యోగంలో ఉండగా మైత్రీవనంలో కంప్యూటర్ క్లాసులకు వెళ్లి, బొమ్మలు గీసే ఒక సాఫ్ట్‌వేరు నేర్చుకుని, తల్లి దగ్గర నేర్చిన ముగ్గులన్నీ ఇంటి కంప్యూటర్లో గీసి దాచుకున్నారు. కొన్నేళ్లకు ఆ సాఫ్ట్‌వేరు చేసినవాళ్లు దాన్ని ఆపేశారు. కొత్త కంప్యూటర్లో అది ఎక్కలేదు, అది గీసిన బొమ్మల్ని మరే సాఫ్ట్‌వేరూ తెరవలేదు. "తాళమేసిన ఇంట్ల మన సామాను కిటికీల కెల్లి చూసినట్టుండె చెల్లె. పేర్లు కనవడ్తున్నయ్, ముగ్గులు కనవడ్తలెవ్." ఈ మాట చెప్పేటప్పుడు కూడా ఆవిడ నవ్వారు. మర్నాటి నుంచే ఆ ముగ్గుల్ని ఒక్కొక్కటిగా గడప ముందు మళ్లీ వేస్తూ, ఫొటో తీసి, ఎవరి దగ్గరైనా తెరుచుకునే మామూలు బొమ్మలుగా దాచుతూ వచ్చారు. అప్పటి నుంచి ఎన్ని ఇళ్లు మారినా, ఎన్ని క్లౌడులు మారినా ఆ ముగ్గులు ఆవిడ వెంటే నడిచాయి.

మా ఆయన అపార్ట్‌మెంట్ సంఘానికి కార్యదర్శి. ఏళ్ల తరబడి నోటీసులన్నీ ఒక పాత తెలుగు ఫాంటులో కొట్టినవాడు. కొత్త కంప్యూటర్ కొన్నాక, ఏటేటా డబ్బు కట్టే సాఫ్ట్‌వేరు మానేసి ఉచితంగా దొరికేదానికి మారాడు. నీళ్ల ట్యాంకు శుభ్రం చేసే నోటీసు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, ప్రశ్నార్థకాలు, చుక్కలు కలగలిసి చీమల పుట్ట కదిలినట్టు కనిపించింది. ప్రింటరుది తప్పని నిర్ధారించి దాన్ని రెండు దెబ్బలు కొట్టాడు. సుగుణక్క వచ్చి చూశారు.

"అక్షరాలు మంచిగనె ఉన్నయ్ అన్నా. వాటి బట్టలు పాతింట్ల మర్చిపోయినవ్."

ఆ పాత ఫాంటు తెచ్చి ఎక్కించారు. తెలుగు ప్రత్యక్షమైంది. తర్వాత దాన్ని ఏ కంప్యూటర్లో తెరిచినా తెలుగులాగే కనబడే అక్షరాల్లోకి మార్చి ఇచ్చారు. మా ఆయన ఇప్పటికీ ప్రింటరుదే తప్పంటాడు.

స్తుతి ఒక్కటే రాస్తే ఆవిడే ఒప్పుకోరు కాబట్టి ఇదీ రాస్తాను. ఫోన్ మార్చిన ఒక సందర్భంలో సుగుణక్క పాలు పొంగించడం మరిచి, తొందరపడి నంబర్లన్నీ ఒక్క దెబ్బకు తరలించారు. ప్రతి మనిషీ ఇద్దరయ్యాడు, ఒకరి పేరుకు ఇంకొకరి నంబరు అంటుకుంది. ఆడపడుచును నాలుగు మాటలు అనాలని ఫోన్ చేసి, ఆ నాలుగూ, పైన మరో నాలుగూ ప్లంబరును అన్నారు. అతను అంతా ఓపిగ్గా విని, "అమ్మా, గివన్ని నాకెందుకు చెప్తున్నవ్? నల్లా అయితె మంచిగనె ఉన్నది కద?" అన్నాడట. ఈ కథ నేను కనీసం వందమందికి చెప్పి ఉంటాను. ఆవిడ ఎదుట కూడా చెప్పాను.

గుండె బలహీనపడిందని డాక్టర్లు ఇంటికి పంపేశాక, ఒక మధ్యాహ్నం కబురు పెట్టి పిలిపించారు.

"చెల్లె, ఇల్లు ఖాళీ చేయాలె. ఎక్కువ దినాలు లెవ్వు."

"ఏ ఇల్లక్కా?"

"ముగ్గులున్న ఇల్లు. నేను పోయినంక నా పేరు మీదున్న ఖాతా ఎవ్వలు తెరుస్తరు? మల్లేశ్‌కు తీరిక లేదు. అన్నీ కిందికి దింపు. మన గల్లీల ఆడోళ్లందరికి ఒక్కొక్క కాపీ ఇయ్యాలె. ఇంక కిరాయి ఇండ్లు బంద్."

"జన్మలో ఏదీ మార్చని మనిషిని నేను. నన్నెందుకు పెడతారు ఈ పనిలో?"

"నీకు నమ్మకం తక్వ. ఒక్కొక్కటి తిరిగి తిరిగి చూస్తవ్. గసొంటోళ్లె కావాలె."

నేను లాప్‌టాప్ మంచం పక్కకు లాక్కున్నాను. దింపడానికి దారి ఉంది, ముందే చూసి పెట్టుకున్న దారే. ముగ్గులన్నీ మూటలు మూటలుగా దిగాయి. విప్పి చూస్తే ప్రతి ఫొటో మీదా ఆనాటి తేదీయే ఉంది. ప్రయాణంలో అసలు తేదీలు రాలిపోయాయి, ఏది ఏ ఇంట్లో ఉన్నప్పటిదో చెప్పేవి అవే. ఇరవై ఏళ్ల ముగ్గులన్నీ ఒకే రోజు వేసినట్టు, ఒకదాని మీద ఒకటి.

"తేదీ పోతే పోయిందిలే అక్కా. ముగ్గు ముగ్గే కదా" అన్నాను.

ఆవిడకు నిజంగా కోపం రావడం అప్పుడే చూశాను. "ఏ గడప ముందట ఏసిన్నో తెల్వకపోతె అది ముగ్గు కాదు చెల్లె, గీతలు. పొద్దుగాల ఏస్తె మాపటికి అందరు తొక్కుతరు. యాదికి మిగిలేది గడపనె."

ఆ గడపలన్నీ తెలిసిన మనిషి ఆవిడ ఒక్కరే. ఆవిడ వెళ్లిపోతే చెప్పేవాళ్లు లేరు. రోజూ మధ్యాహ్నం నేను ఒక్కో ఫొటో చూపించడం, ఆవిడ గడప పోల్చి ఇంటి పేరు చెప్పడం, నేను దాన్ని ఆ ఇంటి ఫోల్డరులో వేయడం. "గిది బల్కంపేట. గీ గచ్చు మీదనె మా పెనిమిటి జారి పడ్డడు. నవ్వకు. నేను సుత నవ్విన, వారం దినాలు మాట్లాడలె." "గిది అమీర్‌పేట. గీ ఓనరమ్మ ముగ్గు చిన్నగ ఎయ్యమనేది, నేను గేటు దాక ఏసేదాన్ని." ఆయాసం వస్తే కళ్లు మూసుకునేవారు. సరే రేపు చూద్దామని నేను లేవబోతే, కళ్లు తెరవకుండానే "ఇంకొకటి పెట్టు" అనేవారు. ఆ ఫొటోల దొంతరకూ ఆవిడ ఊపిరికీ మధ్య, ఏది ముందు అయిపోతుందా అని పందెం నడుస్తోంది. నేను నిస్సిగ్గుగా దొంతర వైపు ఉన్నాను.

బుధవారం సాయంత్రానికి ఒక్కటే మిగిలింది. నల్లరాతి గడప, కుడి మూల కాస్త చిట్లి ఉంది. దాని ముందు చిన్న పద్మం.

"ఎర్రగడ్డ" అన్నారు ఆవిడ.

"ఇది మా గడపక్కా. మా ఫ్రిజ్ దింపేటప్పుడు మా ఆయన చేతిలోంచి జారి ఆ మూల చిట్లింది. రోజూ ఊడ్చేదాన్ని, నాకు తెలీదూ?"

"నల్లరాయి నీ ఒక్కదానికే ఉన్నదా? ఎర్రగడ్డల రెండిండ్లల్ల ఉన్న. గిది రెండోది."

"మీకు మరుపొచ్చింది."

"నీకు గర్వమొచ్చింది. రేపు చూద్దాం తియ్."

అదే ఆవిడ నాతో అన్న చివరి మాట. మర్నాటి సంగతి మొదటే చెప్పాను.

కర్మలు అయ్యాక మల్లేశ్‌ను అడిగాను. "ఎర్రగడ్డల ఒక్కటే ఇల్లు ఆంటీ. దాని గడప ఎర్ర సిమెంటుది. రాయి కాదు" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. మా అమ్మ పోయినప్పుడు మేం భీమవరం వెళ్లి, కార్యక్రమాలన్నీ ముగించుకుని తిరిగొచ్చిన ఉదయం మా గుమ్మం ముందు చిన్న పద్మం ఉంది. మైల తీరాక మళ్లీ ముగ్గు పడితేనే ఇంటికి కళ వచ్చేది. ఆ పని చేయడానికి ఆ రోజు నాకు చేతులు రావని ఎవరికో తెలిసింది. వాచ్‌మన్ భార్య వేసిందనుకుని ఆమెకు చీర పెట్టాను. ఆమె కాదనలేదు, చీర బాగుంది మరి. ఆ చీర కొనడానికి అమీర్‌పేట దాకా నాతో వచ్చి, రంగు కూడా ఎంచి పెట్టింది సుగుణక్కే. ఒక్క మాట అనలేదు. ఇన్నేళ్ల తర్వాత ఫొటో బయటపడితే దాన్ని ఎర్రగడ్డకు తోలేయాలని చూశారు.

మల్లేశ్ వాళ్ల ఇంట్లో మైల తీరిన మర్నాడు పొద్దున్నే పై అంతస్తుకు వెళ్లి ఆవిడ గడప ముందు అదే పద్మం వేశాను. నాకు ముగ్గు రాదు. ఒక రేక ఎక్కువైంది. మల్లేశ్ చూసి, "అమ్మ ఉంటె తుడిచి మల్ల ఏసేది ఆంటీ" అన్నాడు. "అందుకే కదరా, ఉండాలి" అన్నాను.

ఆ రోజే వీధిలో అడిగినవాళ్లందరికీ కాపీలు చేసి ఇచ్చాను. ప్రతిదానిలోనూ ముందు పొంగుతున్న పాల ఫొటో ఎక్కించి, తెరిచి చూసి, తర్వాత ఇళ్ల పేర్లతో ముగ్గులు ఎక్కించాను. స్టవ్ మీద పాలు పొంగించి చాయ్ కూడా పంచాను. బీఎస్సీ చదివినదాన్నే. చివరి ఫోల్డరులో రెండే ఫొటోలున్నాయి, మా గడప ముందు ఆవిడ వేసిన పద్మం, ఆవిడ గడప ముందు నేను వేసింది. ఆ ఫోల్డరుకు 'ఎర్రగడ్డ కాదు' అని పేరు పెట్టాను.

సుగుణక్కా, మీ స్మృతికి నమస్కరిస్తున్నాను. వాదన తేలింది, మీరు ఓడిపోయారు. మీ వంతు మాట వినకుండా నెగ్గడం నాకు అలవాటు లేదు. ఎవరు మెట్లు దిగినా ఒకసారి తలుపు తీసి చూస్తున్నాను.